సరిహద్దు పల్లెలలో ఇంటిస్థలం, ఊరి బయలు: నేల వర్గాలు, నియమాలు

ప్రతి పల్లెలోనూ రెండు విధాలైన నేల ఉంటుంది. మొదటిది ఒక కుటుంబం పేరున పట్టా అయినది. రెండవది ఏ ఒక్కరి పేరునా లేక, అందరి అవసరాలకూ ఉపయోగపడేది. పశువులు మేసే బీడు, మంద నిలిచే బయలు, నూర్పిళ్లు జరిగే కళ్లం, చెరువు, వాగు, బండ్ల బాట, శ్మశానం ఈ రెండవ కోవకు చెందుతాయి. ఈ రెండింటి మధ్య హద్దు ఎక్కడున్నదో తెలియక ఇంటిస్థలం కొన్నవారికి రెండు విధాల నష్టం కలుగవచ్చు. డబ్బు చెల్లించి కొన్న స్థలమే ఊరుమ్మడి నేలగా తేలవచ్చు. లేదా ఇంటి ముందు ఎప్పటికీ ఖాళీగా ఉంటుందని నమ్మిన బయలులో ఒకనాడు ఇంకొకరి గోడ లేవవచ్చు.

ఈ హద్దును నిర్ణయించేది వాడుక కాదు. రెవెన్యూ రికార్డులో ఆ నేలకు వ్రాసిన వర్గం. సరిహద్దులోని తెలుగు కుటుంబాలకు చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంటి భాష తెలుగు. కచేరీ భాష కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. సంతలో ధారాళంగా మాట్లాడగలిగిన భాషనే చదవలేని పెద్దలు ఎందరో ఉన్నారు. పత్రంలోని ఒకే ఒక్క మాటను ఎవరూ చదివి చెప్పకపోవడం వలన చేసిన కష్టమంతా వివాదంలో పడే ప్రమాదం ఉన్నది. అందువలన ఏ రాష్ట్రంలో ఏ నేలను ఏమని పిలుస్తారో, దానిపై ఏ నియమాలు వర్తిస్తాయో తెలుసుకొనడం అవసరం.

అదే నేల, మారిన రికార్డు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినపుడు గంజాం జిల్లాలోని అధిక భాగం, పర్లాకిమిడి, విశాఖపట్నం జిల్లాకు చెందిన కొరాపుట్ ప్రాంతం మద్రాసు నుండి అందులో చేరాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడే బళ్లారి మైసూరులో కలిసింది. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. సిరోంచ ప్రాంతం 1956లో ద్విభాషా బొంబాయి రాష్ట్రంలోను, 1960లో మహారాష్ట్రలోను భాగమైనది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఈ మార్పులలో పొలాలు కదలలేదు, గట్లు చెరగలేదు. రికార్డు భాష, దానిని నడిపే చట్టం మాత్రమే మారాయి.

మద్రాసు రాష్ట్రపు సర్వే సెటిల్మెంటులో పన్ను విధించిన నేలను, విధించని నేలను వేరుచేసి వ్రాశారు. పన్నుకు వెలుపల ఉంచి ప్రజోపయోగానికి విడిచినదే పోరంబోకు. జమీందారీ గ్రామాలలో ఇటువంటి నేలలు జమీందారు అధీనంలో ఉండేవి. మద్రాసులో 1948 నాటి చట్టం, ఒరిస్సాలో 1951 నాటి చట్టం జమీందారీలను రద్దుచేసిన తరువాత అవి ప్రభుత్వానికి సంక్రమించాయి. దీని ఫలితం ఒకటే. ఊరుమ్మడి నేలపై యాజమాన్యం సాధారణంగా ప్రభుత్వానిది, వినియోగం గ్రామస్థులది, సంరక్షణ పంచాయతీది. కాబట్టి పంచాయతీ అధ్యక్షుడు గాని, సభ్యుడు గాని, ఊరి పెద్ద గాని తెల్లకాగితంపై సంతకం చేసి దానిని ఎవరికీ ఇవ్వలేరు.

కర్ణాటక: గోమాళం, ఖరాబు

కర్ణాటకలో పశువుల మేతకు కేటాయించిన ప్రభుత్వ భూమిని గోమాళం అంటారు. 1964 నాటి భూ ఆదాయ చట్టంలోని 71వ సెక్షను ఇటువంటి కేటాయింపుకు ఆధారం. 1966 నాటి నియమాలలోని 97వ నియమం ప్రతి నూరు పశువులకు 12 హెక్టార్ల చొప్పున, అనగా సుమారు 30 ఎకరాల చొప్పున, ఉచిత మేతకు నేల విడువవలెనని చెబుతున్నది. ఊరి పశువులకు సరిపడిన దానికి మించి ఉన్న గోమాళాన్నే ఇతర అవసరాలకు పరిశీలించవలసి ఉంటుంది.

పొలం కొనేవారు పహణీలో తప్పక చూడవలసిన మరొక మాట ఖరాబు. ఇది రెండు రకాలు. ఎ-ఖరాబు సాగుకు పనికిరాని నేల. రైతు సొంత కళ్లం, పొలంలోని కట్టడం వంటివి ఇందులో వస్తాయి. బి-ఖరాబు ప్రజోపయోగపు నేల. బాట, వాగు, ఇతరులు వాడుకొనే చెరువు, శ్మశానం ఇందులోనివి. ఒక సర్వే నంబరులో ఐదెకరాలు ఉండి, అందులో పది గుంటలు బి-ఖరాబుగా ఉంటే, ఆ పది గుంటలను అమ్మే హక్కు పట్టాదారుకు లేదు. క్రయపత్రంలో మొత్తం విస్తీర్ణం వ్రాయించుకొన్నా హక్కు రాదు.

గోమాళంలో ఏళ్ల తరబడి సాగుచేసుకొంటున్నవారికి బగర్ హుకుం పేరిట 94ఎ సెక్షను క్రింద, పల్లెలలో ప్రభుత్వ భూమిపై ఇల్లు కట్టుకొన్నవారికి 94సి సెక్షను క్రింద క్రమబద్ధీకరణకు మార్గం కల్పించారు. అయితే దరఖాస్తు ఇచ్చిన రసీదు హక్కుపత్రం కాదు. మంజూరైన భూమిని కూడా నిర్ణీత కాలం వరకు అమ్మరాదనే షరతు ఉంటుంది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు మంజూరైన భూములను ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే 1978 నాటి ప్రత్యేక చట్టం ప్రకారం ఆ క్రయం చెల్లదు.

2020 నాటి సవరణ ద్వారా కర్ణాటకలో వ్యవసాయదారులు కానివారు కూడా సాగుభూమి కొనే వీలు కలిగింది. అయితే కొనే హక్కు వేరు, దానిలో ఇల్లు కట్టే హక్కు వేరు. భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చుకొనే విషయం 95వ సెక్షను పరిధిలోనిది.

తమిళనాడు: నత్తం, పురంబోకు

తమిళనాడులో గ్రామ నత్తం అన్నది తెలుగువారి గ్రామకంఠానికి సమానం. ఇది ఇళ్లు కట్టుకొని నివసించడానికి విడిచిన నేల. ఇళ్లు ఉన్న నత్తం నేల ప్రభుత్వపు పురంబోకు కాదని మద్రాసు హైకోర్టు పలు తీర్పులలో చెప్పింది. మేయ్క్కాల్ పురంబోకు పశువుల మేతకు, కళం నూర్పిళ్లకు, మందైవెళి పశువుల మంద నిలవడానికి, నీర్నిలై చెరువు కుంటలకు సంబంధించినవి. ఈ మాటలలో ఏ ఒక్కటి కనబడినా ఆ నేలను ఇంటిస్థలంగా కొనరాదు. చెరువులను ఆక్రమణల నుండి కాపాడేందుకు 2007లో ప్రత్యేక చట్టం వచ్చింది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో పొలాలు ఇంటిస్థలాలుగా మారుతున్న కొద్దీ అనుమతి లేని లేఅవుట్ల సమస్య పెరిగింది. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఇటువంటి స్థలాల రిజిస్ట్రేషనును నిలిపివేసింది. అనంతరం 2016 అక్టోబరు 20కి ముందు ఏర్పడిన లేఅవుట్లను క్రమబద్ధీకరించేందుకు 2017లో నియమాలు వచ్చాయి. అయితే ఊరుమ్మడి నేలలో, చెరువు గర్భంలో వేసిన స్థలాలకు ఈ సదుపాయం లేదు. తమిళనాడులో పట్టా, చిట్టా, అడంగల్, ఎ-రిజిస్టరు, సర్వే నంబరు కొలతల పటం అనేవి చూడవలసిన పత్రాలు. వీటిలో నేల వర్గాన్ని తేల్చి చెప్పేది ఎ-రిజిస్టరు.

ఒడిశా: గోచర, కిసం

ఒడిశా హక్కుల పత్రంలో ప్రతి ప్లాటుకు ఎదురుగా కిసం అనే గడి ఉంటుంది. నేల వర్గమే కిసం. గోచర అంటే పశువుల మేత. జలాశయం, శ్మశానం పేర్లలోనే అర్థం స్పష్టం. ఘరబారి అంటే ఇంటిస్థలం. సర్వసాధారణ అనే మాట ఉంటే అది అందరి వాడుకకు విడిచిన నేల అని గ్రహించవలెను. సాగుభూమిలో ఇల్లు కట్టదలచినవారు 1960 నాటి భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షను క్రింద తహసీల్దారు వద్ద కిసం మార్పించుకొనవలసి ఉంటుంది.

షెడ్యూల్డు ప్రాంతాలలో మరింత జాగ్రత్త అవసరం. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు, గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు ఈ ప్రాంతంలోనివి. గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. ఇక్కడ 1956 నాటి రెండవ రెగ్యులేషను అమలులో ఉన్నది. 2002 నాటి సవరణ తరువాత గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం నిషిద్ధం. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాలలో 1970లో సవరించిన 1959 నాటి మొదటి రెగ్యులేషను ఇదే పని చేస్తున్నది. ఒక రాష్ట్రంలో చెల్లని బేరం ఇంకొక రాష్ట్రంలో చెల్లుతుందని భావించరాదు.

మహారాష్ట్ర: గాయరాన్, గావ్‌ఠాణ్

సిరోంచ మొదలైన చోట్ల మేత నేలను గాయరాన్ అని, ఇళ్లున్న నేలను గావ్‌ఠాణ్ అని వ్రాస్తారు. 1966 నాటి భూ ఆదాయ స్మృతిలోని 22వ సెక్షను క్రింద మేతకు, ఇతర ప్రజోపయోగాలకు నేలను కేటాయిస్తారు. 2011 జూలై 12న ప్రభుత్వం వెలువరించిన నిర్ణయం గాయరాన్ నేలలను ఇతర అవసరాలకు ఇవ్వడంపై కఠిన ఆంక్షలు విధించింది.

చూడవలసిన పత్రం సాత్‌బారా. ఏడవ నమూనాలో హక్కుదారుల వివరాలు, పన్నెండవ నమూనాలో పంటల వివరాలు ఉంటాయి. హక్కుదారు వర్గం 2 అని ఉంటే, కలెక్టరు అనుమతి లేకుండా ఆ భూమిని బదిలీ చేయరాదు. గిరిజనుల భూమికి 36, 36ఎ సెక్షనుల రక్షణ ఉన్నది. పొలాన్ని చిన్న ముక్కలుగా చేసి అమ్మడంపై 1947 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. తరువాతి సవరణలు కొన్ని మినహాయింపులు ఇచ్చినందున, గుంటల లెక్కన కొనేవారు ముందుగా తలాఠీ అని ప్రజలు పిలిచే గ్రామ రెవెన్యూ అధికారి వద్ద విచారించుకొనడం మేలు.

యానాం: తక్కువ నేల, తెలుగు రికార్డు

సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నది. ఇక్కడ ప్రభుత్వ వ్యవహారాలలో తెలుగుకు స్థానం ఉండడం వలన ఇతర సరిహద్దు ప్రాంతాలవారి చిక్కు అంతగా లేదు. ఫ్రెంచి కాలం నాటి దస్తావేజులను చదివించుకొనడమే కష్టం. కట్టడాలకు పుదుచ్చేరి 1969 నాటి పట్టణ గ్రామ ప్రణాళికా చట్టం వర్తిస్తుంది. ఊరు గౌతమీ గోదావరి ఒడ్డున, ఆటుపోట్లు తాకే చోట ఉన్నందున తీరప్రాంత నియంత్రణ నియమాలనూ చూచుకొనవలసి ఉంటుంది. 1991లో మొదలైన ఈ నియమాలను 2011లోను, 2019లోను తిరిగి వెలువరించారు.

లేఅవుట్లలోని ఖాళీ స్థలం

పొలాన్ని ఇంటిస్థలాలుగా విభజించినపుడు బాటలకు, పార్కుకు, ఆటస్థలానికి కొంత నేల విడువవలెను. తమిళనాడులో 10,000 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్లలో బాటలు పోగా మిగిలిన దానిలో 10 శాతాన్ని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించవలెను. ఈ నేల ఖర్చు స్థలాల ధరలో కలిసే ఉంటుంది. అనగా కొన్నవారందరూ దానికి సొమ్ము చెల్లించినవారే.

దీనిని తరువాత వేరొక పనికి మార్చవచ్చునా అన్న ప్రశ్న బెంగుళూరులోని రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో వచ్చింది. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకొనేందుకు ఒక ప్రైవేటు సంస్థకు ఇవ్వగా, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. అక్కడి నివాసులకు ప్రశ్నించే హక్కు ఉన్నదని కూడా చెప్పింది. లేఅవుటు వేసిన యజమాని పార్కు స్థలాన్ని ప్రజల పక్షాన ధర్మకర్తగా మాత్రమే ఉంచుకొంటాడని ఢిల్లీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అందువలన దానపత్రం రిజిస్టరు కాలేదనే సాకుతో పార్కు స్థలాన్ని అమ్మజూపితే కొనరాదు.

ఆక్రమణలపై తీర్పులు

చెరువు, కుంటల నేలను ఇంటిస్థలాలుగా ఇవ్వరాదని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఊరుమ్మడి నేలల నుండి ఆక్రమణలను తొలగించి గ్రామస్థుల వాడుకకు తిరిగి అప్పగించే పథకాలు రూపొందించవలెనని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఎంతకాలం నుండి ఉన్నాడన్నది, ఎంత ఖర్చుతో కట్టాడన్నది ఆక్రమణను సమర్థించే కారణాలు కావన్నది.

అయితే ఆ తీర్పు పేదలను విస్మరించలేదు. భూమి లేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా ఇచ్చిన నేలలకు, అప్పటికే పాఠశాల, వైద్యశాల వంటివి ఉన్న నేలలకు అసాధారణ పరిస్థితులలో మినహాయింపు ఉండవచ్చునన్నది. తొలగింపుకు ముందు సంజాయిషీ నోటీసు ఇచ్చి, క్లుప్తంగా విచారించవలెనని చెప్పింది. కాబట్టి నోటీసు వచ్చినపుడు మౌనంగా ఉండక, గడువులోగా జవాబు ఇచ్చి, చేతనున్న మంజూరు పత్రాన్ని జతచేయడం ముఖ్యం.

యజమానుల అభ్యంతరాలు

ఖాళీ స్థలపు నియమాలపై సొంత భూమి గలవారికి న్యాయమైన ఆందోళనలూ ఉన్నాయి. తన పట్టా భూమిని పట్టణ ప్రణాళికలో పార్కుగా చూపితే, అతడు కట్టుకొనలేడు, మంచి ధరకు అమ్ముకొనలేడు. ప్రభుత్వం కొనదు, విడువదు. చట్టం దీనికి కాలపరిమితి పెట్టింది. కర్ణాటకలో 1961 నాటి ప్రణాళికా చట్టంలోని 69వ సెక్షను ప్రకారం ఐదేళ్లలో సేకరించకపోతే ఆ కేటాయింపు తొలగిపోతుంది. తమిళనాడులో 1971 నాటి చట్టంలోని 38వ సెక్షను ప్రకారం ఈ గడువు మూడేళ్లు. మహారాష్ట్రలో 1966 నాటి చట్టంలోని 127వ సెక్షను ప్రకారం పదేళ్లు గడచిన తరువాత యజమాని నోటీసు ఇవ్వవచ్చు. ఆపై నిర్ణీత కాలంలో సేకరణ జరగకపోతే భూమి విడుదల అవుతుంది.

రాజ్యాంగంలోని 300ఎ అధికరణం ప్రకారం చట్టపు ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదు. సేకరణ జరిగితే 2013 నాటి చట్టం పరిహారానికి మార్గం చూపుతుంది. అయితే ఊరుమ్మడి నేలను తనదిగా చూపి ఈ రక్షణలను కోరడం సాధ్యం కాదు. ప్రణాళిక ముసాయిదా వెలువడినపుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ ప్రకటన రాష్ట్ర భాషలో వెలువడుతుంది. చదివి చెప్పేవారు లేనందున ఆ గడువు జారిపోకుండా చూచుకొనవలెను.

కొనేముందు చేయవలసినవి

మొదట, సర్వే నంబరు తెలుసుకొని, దాని వర్గం వ్రాసి ఉన్న పత్రపు నకలు తీసుకొనవలెను. కర్ణాటకలో పహణీ, తమిళనాడులో ఎ-రిజిస్టరు, ఒడిశాలో హక్కుల పత్రం, మహారాష్ట్రలో సాత్‌బారా ఇందుకు పనికివస్తాయి. అమ్మకందారు చూపిన నకలుతో తృప్తిపడక, స్వయంగా తెచ్చుకొనడం మంచిది.

రెండవది, గ్రామ పటంతో నేలను సరిచూడవలెను. పటంలో గీత రూపంలో ఉన్న బాట గాని వాగు గాని నేలపై దున్నబడి ఉండవచ్చు. అది కనబడకపోయినంత మాత్రాన హక్కు మారదు.

మూడవది, ఈసీ అని వ్యవహరించే ఎన్‌కంబరెన్స్ ధ్రువపత్రాన్ని కనీసం ముప్పై ఏళ్లకు తీసుకొనవలెను. ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి; నేల వర్గం కనబడదు. పంచాయతీ పన్ను రసీదు, విద్యుత్ బిల్లు కూడా యాజమాన్యాన్ని నిరూపించవు.

నాలుగవది, లేఅవుటు స్థలమైతే అనుమతి పొందిన పటం, పార్కు స్థలపు దానపత్రం నకలు అడిగి చూడవలెను. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద స్థానిక సంస్థను కోరవచ్చు.

ఐదవది, 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం క్రింద డ్రోనులతో గ్రామాల ఇళ్ల సర్వే జరిగినపుడు, తమ ఇంటి హద్దులతో పాటు పక్కనున్న బాట, బయలు హద్దులు కూడా సరిగా గుర్తించారో లేదో చూడవలెను. అభ్యంతరాలకు ఇచ్చిన గడువు దాటిన తరువాత సవరణ కష్టం.

భాష విషయంలో రాజ్యాంగం ఒక సదుపాయం కల్పించింది. 350వ అధికరణం ప్రకారం తమ కష్టాన్ని తీర్చవలెనని కోరుతూ ఇచ్చే విన్నపాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి సమర్పించవచ్చు. తరతరాలుగా తెలుగు కుటుంబాలున్న జిల్లాలలో తెలుగు అర్జీ ఇవ్వడానికి ఇది ఆధారం. అయినా రాష్ట్ర భాషలో ఒక ప్రతి జతచేస్తే పని త్వరగా సాగుతుంది.

సరిహద్దు పల్లెలలో నేడు ప్రతి ఇంటా కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో బడిలో చదువుతున్న పిల్లలున్నారు. పెట్టెలోని పత్రాలను ఒకసారి వారి చేత పైకి చదివించి, నేల వర్గం తెలిపే మాటను తెలుగులో ప్రక్కన వ్రాయించి ఉంచడం ఖర్చులేని పని. గ్రామసభలో ఊరుమ్మడి నేలల జాబితాను సర్వే నంబర్లతో సహా చదివి వినిపించమని కోరడం మరొకటి. ఆ జాబితా తెలిసిన ఊరిలో బయలును అమ్మజూపేవారికి కొనేవారు దొరకరు. పట్టా ఉన్నవారి స్థలాన్ని బయలని బెదిరించేవారికీ తావుండదు.